తెలుగు డేటా ఉన్న పోస్ట్‌గ్రెస్‌ను వేర్వేరు లోకేల్‌లలో పరీక్షించడం అవసరమా?

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌పై రాసిన పరీక్షలన్నీ ఇంగ్లీషు లోకేల్‌లో (భాషనుబట్టి అక్షరక్రమం వంటివి నిర్ణయించే అమరికలో) పాసవుతున్నప్పుడు తెలుగు కోసం మళ్లీ పరీక్షించాలా అని అడిగారు. తప్పకుండా పరీక్షించాలి. అయితే నాలుగు తెలుగు పేర్లను అదనంగా చేర్చినంత మాత్రాన సరిపోదు. ఉన్న పరీక్షలన్నింటినీ ఒక్కొక్క లోకేల్‌తో కొత్తగా ఇనిట్‌డీబీ (ఖాళీ డేటాబేస్‌ను సిద్ధం చేసే ఆదేశం) నడిపి, మొదటి నుంచి నడపాలి.

హన్మకొండలో ఒక సంస్థ ఖాతాదారుల డేటాబేస్‌ను చూసుకునే రోజుల్లో ఇది నాకు బోధపడింది. సర్వర్‌లో లినక్స్ వెర్షన్ మారిన తరువాత కొన్ని ఇంటి నంబర్లు టేబుల్ మొత్తం చదివితే కనిపించేవి గాని, ఇండెక్స్ (త్వరగా వెతకడానికి ముందే క్రమంలో పేర్చిన జాబితా) ద్వారా వెతికితే దొరికేవి కావు. పోస్ట్‌గ్రెస్ సాధారణంగా అక్షరక్రమాన్ని లినక్స్‌లోని జీలిబ్‌సీ అనే లైబ్రరీ నుంచి తీసుకుంటుంది. 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.28 ఆ క్రమాన్ని మార్చింది: అంతకుముందు ‘11’ తరువాత వచ్చే ‘1-1’ ఇప్పుడు దానికంటే ముందు వస్తుంది. మన వైపు ఇంటి నంబర్లు గీతలతోనే ఉంటాయి కాబట్టి, పాత క్రమంలో పేర్చిన ఇండెక్స్‌లో కొత్త క్రమం ప్రకారం వెతికితే ఉన్న నంబరు కూడా లేదనే జవాబు వస్తుంది. ఇండెక్స్‌ను మళ్లీ కట్టే రీఇండెక్స్‌తో అది చక్కబడింది. ఒకే విలువ రెండుసార్లు రాకుండా చూసే యూనిక్ ఇండెక్స్ విషయంలో మాత్రం ఇంకా జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఈలోగా ఒకే విలువ రెండుసార్లు చేరిపోతే రీఇండెక్స్ కూడా మధ్యలో ఆగిపోతుంది.

సీ (ఏ భాషనూ పట్టించుకోకుండా బైట్ల క్రమంలో పేర్చేది), అమెరికా ఇంగ్లీషు, తెలుగు, టర్కిష్ లోకేల్‌లు నాలుగూ నడపండి. టర్కిష్‌లో చిన్న ‘ఐ’ని పెద్దక్షరంగా మారిస్తే పైన చుక్క ఉన్న వేరే అక్షరం వస్తుంది, అందువల్ల పెద్దచిన్న అక్షరాల పోలికల్లోని లోపాలు అక్కడ త్వరగా బయటపడతాయి. ఫలితాలు వచ్చే క్రమం ఒక్కటే మారితే అది లోపం కాదు, ఆ పరీక్షలో క్రమాన్ని కోరే ఆర్డర్ బై దగ్గర సీ కొలేషన్‌ను (అక్షరక్రమ నియమాన్ని) స్పష్టంగా రాస్తే చాలు. ఫలితాల సంఖ్య తగ్గినా పెరిగినా మాత్రం నిజమైన లోపమే.

ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా భద్రపరిచే పద్ధతి) సంగతికి వస్తే, పశ్చిమ ఐరోపా అక్షరాలకే పరిమితమైన లాటిన్-1 డేటాబేస్ తెలుగును తిరస్కరించాలి; ఆ తిరస్కరణను కూడా పరీక్షగా రాయండి. ఎస్‌క్యూఎల్ ఆస్కీ అనే ఎన్‌కోడింగ్ దేన్నీ తనిఖీ చేయదు, బైట్లనే అక్షరాలుగా లెక్కిస్తుంది. యూటీఎఫ్-8లో 6 అక్షరాలుగా లెక్కకు వచ్చే ‘వరంగల్’ అందులో 18గా తేలుతుంది.

చివరగా, ‘కై’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ, రెండు గుర్తులుగానూ రాయవచ్చు. కంటికి ఒకటే అయినా మామూలు పోలికలో రెండూ సమానం కావు కాబట్టి, పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఉన్న నార్మలైజ్ ఫంక్షన్‌తో పేర్లను చేర్చేటప్పుడే ఒక రూపానికి తెచ్చి, రెండు రూపాలతోనూ వెతికి చూడండి.