రామప్పలో ముల్లు తీయించుకుంటున్న ఆమె దగ్గర ఆగండి

మన వరంగల్ వైపు చౌరస్తాల్లో అన్నీ నాయకుల విగ్రహాలే, గుళ్లల్లో దేవుళ్లే, మామూలు మనిషి బాధ, సంతోషం చూపించే శిల్పం ఎక్కడైనా ఉందా అని ఒకరు అడిగారు. ఉంది. పాలంపేటలో, రామప్ప గుడి చూరు కింద.

స్కూల్ టూర్‌లో వెళ్లినప్పుడు నేనూ సరిగ్గా చూడలేదు. ఎత్తు మడమల చెప్పులేసుకున్న శిల్పాన్ని చూపించారు, ఫొటో దిగాం, బస్సెక్కాం. అసలు చూసింది మా బాపుతో వెళ్లినప్పుడే.

బాపుది పరకాల దగ్గర పత్తి చేను. ఒకసారి అరికాల్లో తుమ్మ ముల్లు విరిగింది. ఎప్పటిలాగే పిన్నీసుతో కెలికి, జిల్లేడు పాలు పెట్టి వదిలేశాడు. షుగర్ ఉంది కదా, అది పుండైంది. మూడు నెలలు ఇంట్లో రోజూ నేనే కట్టు కట్టాను. దూది తగలగానే గోడ వైపు తిరిగి మంచం పట్టె గట్టిగా పట్టుకునేవాడు. నొప్పి అని ఒక్కసారీ అనలేదు. నాకైతే ఒకటే టెన్షన్.

మానాక రామప్పకు పోదాం అన్నాడు. 1213లో కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. ఎక్కువ భాగం ఎర్ర ఇసుకరాయే. స్తంభాల పైనుంచి ఏటవాలుగా ముందుకొచ్చిన 12 మదనికలు, అంటే ఆడవాళ్ల శిల్పాలు, మాత్రం నల్లరాయివి. ఆ రాయి బాగా గట్టిది, నునుపు తేలుతుంది. అందుకే వేళ్లూ నగలూ అంత సన్నగా చెక్కగలిగారు. కోతి చీర లాగుతుంటే సిగ్గుతో మెలికలు తిరిగే ఆమె కూడా వీళ్లలోనే ఉంది.

బాపు ఆగింది ఇంకొకరి దగ్గర. ఆమె కాలికి ముల్లు గుచ్చుకుంది. కింద ఒక మనిషి ఆమె పాదం పట్టుకుని ముల్లు తీస్తున్నాడు. బాపు మెడ ఎత్తి చాలాసేపు చూశాడు. "గుచ్చినప్పుడు ఏం గాదు బిడ్డా, తీసేటప్పుడే పానం పోతది. ఈమెకు ఇప్పుడు గదే" అన్నాడు. కాసేపాగి, "చెక్కినోడు గూడ ముల్లు గుచ్చుకున్నోడే ఉంటడు" అన్నాడు.

అప్పటిదాకా నా కళ్లు పైనున్న ఆమె మీదే ఉన్నాయి. ఆ మాట విన్నాక కింద వంగిన మనిషి కనిపించాడు. మూడు నెలలు నేను కూర్చున్నదీ అలాగే, పాదం చేతిలో పట్టుకుని. నాకు ఏడుపొచ్చింది.

వరంగల్ నుంచి సుమారు 70 కిలోమీటర్లు. గుడి ముఖం తూర్పుకు కాబట్టి పొద్దున్నే వెళ్తే వెలుతురు బాగుంటుంది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, సెలవు రోజుల్లో జనం ఎక్కువ. మామూలు రోజు చూసుకుని వెళ్లండి, ఒక్కో మదనిక దగ్గర పది నిమిషాలైనా ఆగండి. వీలైతే ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్లండి.

తిరిగొచ్చేటప్పుడు బాపు చెప్పులేసుకునే ముందు గోడకు చెయ్యి ఆనించి, కాలు పైకెత్తి, అరికాలు ఒకసారి తడుముకున్నాడు.