వణుకుని వదలకు

పర్లాకిమిడి

తమ్ముడూ,

రాయగడ నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. మలేరియా జ్వరంలో మీ అమ్మ మూడు దుప్పట్ల కింద కూడా వణుకుతూనే ఉందన్న వాక్యం మనసులో ఉండిపోయింది. మరుక్షణమే "దేహంలోని వీర సైనికులు శత్రువుపై దండెత్తారు" అన్నావు. ఒళ్లు మండింది. రోగనిరోధక కణాలకు వీరత్వమూ లేదు, వాటికి సేనాపతీ లేడు. రసాయనం పేరు కనబడితే పాఠకుడు పారిపోతాడని కొట్టేసే సంపాదకులు ఈ యుద్ధాల భాషను మనకు అలవాటు చేశారు. వాళ్ల మాట వినకు. జ్వరం ఎరిగిన మనవాళ్లు కారణం చెబితే ఆసక్తిగా చదువుతారు.

కణాల మధ్య సంకేతాన్ని ఎవరు వదిలారు, దాన్ని పట్టుకునే ఏ ప్రొటీన్, అంటే ఏ రిసెప్టర్ అందుకుంది, లోపల ఏం మారింది, చివరికి ఎవరు ఆపారు? ఇవి రాయి చాలు. ఆ వణుకునే తీసుకో. వైవాక్స్ అనే మలేరియా పరాన్నజీవి 48 గంటలకోసారి ఎర్రకణాలను పగలగొట్టుకుని బయటికొస్తుంది. ఆ శిథిలాలను, క్రిములను మింగే మాక్రోఫేజ్ అనే కణం మీది టోల్ రిసెప్టర్లు పసిగడతాయి. కణం లోపల ఎన్ఎఫ్-కప్పాబి అనే ప్రొటీన్‌ను ఐకప్పాబి అనే మరో ప్రొటీన్ పట్టి ఉంచుతుంది. సంకేతం అందగానే ఐకప్పాబి నాశనమవుతుంది, ఎన్ఎఫ్-కప్పాబి కేంద్రకంలోకి వెళ్లి టీఎన్ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6 జన్యువులను పనిలోకి దించుతుంది. అలా తయారైన ఈ సైటోకైన్లు, అంటే కణాలు వదిలే సంకేత ప్రొటీన్లు, రక్తంలో వెళ్లి, మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే హైపోథాలమస్ దగ్గరి రక్తనాళాల గోడల చేత ప్రోస్టాగ్లాండిన్-ఈ2 అనే రసాయనం చేయిస్తాయి. దాంతో మెదడు 37 డిగ్రీలు చాలవు, 39 కావాలంటుంది. ఒళ్లు ఇంకా 37లోనే ఉంది గనక అది చలిగా తోస్తుంది, కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. మూడు దుప్పట్లూ చాలనిది అందుకే. పారాసిటమాల్ ప్రోస్టాగ్లాండిన్‌ను తగ్గిస్తుంది, పరాన్నజీవిని మాత్రం ముట్టదు. ఇది తప్పక రాయి, జ్వరం దిగిందని రక్తపరీక్ష మానేసేవాళ్లున్నారు.

మాక్రోఫేజ్‌ను చురుకుచేసే సైటోకైన్ ఇంటర్‌ఫెరాన్-గామా మీద నువ్వు రాసిన పేరా బాగుంది. కానీ "సైటోకైన్లు ఎంత ఎక్కువైతే అంత మేలు" అన్నది తప్పు. తగుమాత్రం టీఎన్ఎఫ్ ఉంటే మాక్రోఫేజ్ పరాన్నజీవిని బాగా చంపగలదు. మితిమీరితే నాళాల గోడల మీద ఐకామ్-1 అనే అతుక్కునే ప్రొటీన్ పెరుగుతుంది. ఫాల్సిపారం అనే మరో మలేరియా పరాన్నజీవి సోకిన ఎర్రకణాలు దానికి అతుక్కుంటాయి. అది మెదడు నాళాల్లో జరిగితే ప్రాణం మీదికొస్తుంది. రాయగడ, కోరాపుట్ కొండల్లో మలేరియా అంటే ఎక్కువగా ఫాల్సిపారమే, కాబట్టి ఈ తప్పు అచ్చులోకి వెళ్లకూడదు.

ఆపేదెవరో నువ్వు రాయనేలేదు. టీఎన్ఎఫ్ వదిలిన మాక్రోఫేజే కొంతసేపటికి ఐఎల్-10 అనే సైటోకైన్ కూడా వదులుతుంది. అది తిరిగి తన మీది రిసెప్టర్‌కే అతుక్కుని, కణం లోపల సంకేతాన్ని మోసే జాక్, స్టాట్-3 ప్రొటీన్ల ద్వారా టీఎన్ఎఫ్ తయారీని తగ్గిస్తుంది. దీనికొక పేరా ఇచ్చి, సైనికులను తీసేసి, దసరా లోపల మళ్లీ పంపు.