యాభై పెడితే అరవై రెండా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉత్ప్రేరకాల ల్యాబ్ మాది. నైట్రోజన్‌కు వాయు ప్రవాహాన్ని నియంత్రించే మాస్ ఫ్లో కంట్రోలర్‌లో 50 ఎస్‌సీసీఎం పెట్టాం. రియాక్టర్ చివర సబ్బు బుడగ మీటరుతో (గీతల గొట్టంలో బుడగ కదిలే వేగాన్ని బట్టి ప్రవాహం కొలిచేది) కొలిస్తే నిమిషానికి 62 మి.లీ. వస్తోంది. గదిలో 30 డిగ్రీలుంది. కంట్రోలర్‌ను రిపేరుకు పంపాలా?

జవాబు: పంపకండి, బహుశా రెండూ సరిగ్గానే ఉన్నాయి. ఎస్‌సీసీఎం అంటే నిమిషానికి పోయే వాయువు మామూలుగా 0 డిగ్రీల దగ్గర, 760 మి.మీ. పాదరస పీడనంలో ఉంటే ఎన్ని ఘన సెం.మీ. అవుతుందో అది. బుడగ మీటరు చూపేది మీ గది వేడిలో, మీ ఊరి పీడనంలో, పైగా నీటి ఆవిరి కలిశాక ఎంతుందో.

లెక్క వేయండి. డిగ్రీలకు 273 కలిపి, 303ను 273తో భాగిస్తే 1.11. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి పీడనం సుమారు 713 మి.మీ. అందులో నీటి ఆవిరి వాటా 32 తీసేస్తే 681. 760ని దాంతో భాగిస్తే 1.116. యాభైని ఈ రెండింటితో గుణిస్తే 61.9! ఇదే సరంజామా విశాఖలో ఉంటే 58 వచ్చేది.

పీడనం మాత్రం ఫోన్‌లో చూసి రాసుకోకండి. వాతావరణం యాప్‌లు మామూలుగా సముద్రమట్టానికి సరిచేసిన అంకె ఇస్తాయి. ల్యాబ్ బారోమీటరునే నమ్మండి. మాన్యువల్ కూడా ఓసారి తిరగేయండి: కొన్ని కంపెనీల ‘స్టాండర్డ్’ 20 డిగ్రీలో, 25 డిగ్రీలో అయి ఉంటుంది. మీది 25 అయితే 57 దగ్గర రావాలి, అప్పుడు 62ను అనుమానించాల్సిందే.

కొలిచే ముందు రెండు మూడు బుడగలు వదిలి గొట్టం లోపలంతా తడపండి. పొడిగా ఉంటే బుడగ సగంలోనే పగులుతుంది. 50 మి.లీ. గీత దాకా 48 సెకన్లు పడుతుంది, స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను తేడా పోయినా అర శాతం లోపే. అదే 10 మి.లీ.కి కొలిస్తే 2 శాతం పోతుంది.

ప్రశ్న: గొట్టంలో గోళీ తేలే ఎత్తును బట్టి ప్రవాహం చూపే, గాలికి క్యాలిబ్రేట్ చేసిన రోటామీటర్‌తో హీలియం కొలవొచ్చా?

జవాబు: సాంద్రతల నిష్పత్తికి వర్గమూలం తీసి, రీడింగును 2.7తో గుణించమంటారు. నిమిషానికి కొద్ది పదుల మి.లీ. పోయే సన్న గొట్టంలో ఆ సూత్రం ముంచుతుంది. అక్కడ గోళీని నిలబెట్టేది ప్రధానంగా స్నిగ్ధత (వాయువు చిక్కదనం). హీలియం స్నిగ్ధత గాలికి దగ్గరే కాబట్టి అసలు గుణకం 2.7 కన్నా 1కే దగ్గరగా ఉంటుంది. గొట్టాన్ని నిటారుగా బిగించి, గోళీ నడిమి దగ్గర రీడింగ్ తీస్తూ, బుడగ మీటరుతో ఐదారు చోట్ల సరిచూసి సొంత గ్రాఫు గీసుకోండి.