స్టెంట్ పడుతుందేమోనని ముందే మిత్తికి తేవద్దు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో గుమాస్తాను, వయసు 47. నడిస్తే ఛాతీ పట్టేసినట్టు ఉంటోందని హైదరాబాద్‌లో చూపించుకుంటే, గుండె రక్తనాళాలకు ఎంఆర్‌ఐ తీయించమన్నారు. రానుపోను ఖర్చులతో కలిపి 30 వేలవుతుంది. స్టెంట్ (పూడిన నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) కూడా పడుతుందేమోనని నూటికి మూడు రూపాయల మిత్తికి 3 లక్షలు తెద్దామనుకుంటున్నాను. బిడ్డ చదువుకు దాచిన 2 లక్షల డిపాజిట్‌ను కదిలించడం ఇష్టం లేదు. ఇప్పుడు ఆరోగ్య బీమా తీసుకోవచ్చా?

సమాధానం: దయచేసి ఆ అప్పు తేవద్దు. మూడు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 36 శాతం. 3 లక్షలకు నెలకు 9 వేలు, ఏడాదికి 1,08,000 రూపాయలు. బిడ్డ డిపాజిట్ చెక్కుచెదరకూడదని ఇంత మిత్తి కడితే, రెండేళ్లు తిరగకముందే ఆ డిపాజిట్‌ను మించిన సొమ్ము మీ చేయి దాటిపోతుంది. చాలా కుటుంబాలు చేస్తున్న పొరపాటు ఇదే కాబట్టి మీ ఉత్తరానికి వివరంగా జవాబిస్తున్నాను.

ఎంఆర్‌ఐ పూడికలు ఉన్నాయో లేవో చూపడానికే గాని తీయడానికి కాదు. ఫలితం రాకముందే స్టెంట్‌కు అప్పు చేస్తే, ఏమీ లేదని తేలినా మిత్తి ఆగదు. ఈ పరీక్షలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు గాని, కొట్టుకునే గుండెలోని సన్నని నాళాలను పట్టాలి కనుక సమయం ఎక్కువ పడుతుంది. రక్తనాళాలకు ఎక్కువగా వాడే సీటీ యాంజియోగ్రామ్ మీకు సరిపోతుందేమో వైద్యుణ్ణి అడగండి. నిర్ణయం మాత్రం ఆయనదే. డబ్బు కోసం పరీక్షను వాయిదా వేయకండి. నొప్పి ఎక్కువైతే వెంటనే 108కి ఫోన్ చేయండి.

30 వేలకు డిపాజిట్ మీదే బ్యాంకులో రుణం తీసుకోండి. దాని వడ్డీ డిపాజిట్ వడ్డీ కంటే కాస్తే ఎక్కువ. స్టెంట్ అవసరమైతే, ఆరోగ్యశ్రీకి మీకు అర్హత ఉందేమో ముందు చూసుకోండి. దాని పరిమితి ఇప్పుడు ఏటా 10 లక్షలు.

బీమా తప్పక తీసుకోండి, కానీ వైద్యుడు ఈ పరీక్ష చేయించుకోమన్న సంగతి దాచవద్దు; దాస్తే క్లెయిమ్ తిరస్కరిస్తారు. ముందునుంచే ఉన్న జబ్బుకు మూడేళ్ల వరకు నిరీక్షణ ఉండవచ్చు, అంటే అప్పటిదాకా దానికి క్లెయిమ్ రాదు; కేవలం పరీక్షల ఖర్చును సాధారణంగా పాలసీలు ఇవ్వవు.

అందుకే చేతిలో నగదు ఉండాలని పదేపదే చెబుతున్నాను. మీకు బిడ్డ చదువు నిధి ఉంది, అత్యవసర నిధి లేదు; ఆ రెండూ ఒకటి కావు. ఆరు నెలల ఇంటి ఖర్చు వేరే పొదుపు ఖాతాలో పోగయ్యే వరకు కొత్త చిట్టీ ఏదీ కట్టకండి. డిపాజిట్ రుణం తీరిన మరుసటి నెల నుంచి అదే వాయిదా సొమ్మును ఆ ఖాతాలో వేయండి.