పాలు తాగుతున్న బిడ్డకు 21 రోజుల సూదులు ఎందుకు?

పుట్టిన పదో రోజున మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ సోకిన మీ అన్న బిడ్డ ఐదు రోజులకే చక్కగా పాలు తాగుతున్నా, 21 రోజుల పాటు అదే డోసు ఎందుకు వేయాలని అడిగారు. తిరుపతిలో నవజాత శిశువుల వార్డులో 19 ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేశాను కనుక, ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

పలమనేరు వైపు నుంచి వచ్చిన మూడు కిలోల మగబిడ్డ ఒకడు నాకు బాగా గుర్తు. మాడు ఉబ్బి ఉంది, ఏడుపు సన్నగా మూలుగులా ఉంది. వెన్ను నీరు తీయాలనగానే అవ్వ అడ్డుపడి, "నడుముకు సూదేస్తే కాళ్లు పడిపోతాయంట కదమ్మా, మాకొద్దు" అన్నారు. సూది గుచ్చే చోటికి వెన్నుపాము రాదని ఆమెకు నచ్చజెప్పడానికి గంట పట్టింది. అంతకంటే నాకు కోపం తెప్పించింది వారు తెచ్చిన చీటీ: "ఇంజెక్షన్ ఇచ్చితిమి" అని ఉంది తప్ప ఏ మందో, ఎంతో లేదు. కల్చర్‌కు, అంటే సూక్ష్మజీవిని పెంచి గుర్తించే పరీక్షకు, రక్తం తీయకుండా ముందే ఒక డోసు వేసి పంపితే, తరువాత పరీక్షలో సూక్ష్మజీవి పెరగక మేము చీకట్లో తడుముకోవలసి వస్తుంది. అదృష్టవశాత్తూ ఈ బిడ్డ వెన్ను నీటిలో క్లెబ్సియెల్లా అనే సూక్ష్మజీవి పెరిగింది.

మందు రక్తంలో చేరడం తిరుమల గుడిలో మహాద్వారం దాటడం వంటిదే. బంగారు వాకిలి ఇంకా ముందుంటుంది. పసిబిడ్డకు ఆ రెండో వాకిలి, అంటే రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డు, ఉండనే ఉండదని చాలామంది అంటారు గానీ, మెదడు రక్తనాళాల కణాల మధ్య బిగువైన అతుకులు పుట్టేనాటికే ఏర్పడి ఉంటాయి. మెరోపెనెమ్, సెఫొటాక్సిమ్ వంటి యాంటీబయాటిక్ మందులు ఆరోగ్యంగా ఉన్న పొరల గుండా కొద్దిగానే దిగుతాయి. వాపు వచ్చినప్పుడు ఆ అతుకులు సడలుతాయి కనుక అప్పుడు ఎక్కువగా దిగుతాయి. అమికాసిన్ అనే మరో యాంటీబయాటిక్ వాపు ఉన్నా అంతగా చేరదు. అందుకే ఆ బిడ్డకు మెరోపెనెమ్‌ను మామూలుగా ఇచ్చే కిలోకు 20 మిల్లీగ్రాములు కాక 40 చొప్పున, అంటే 120 మిల్లీగ్రాములు, ఎనిమిది గంటలకొకసారి ఎక్కించాము.

మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. బిడ్డ కోలుకునే కొద్దీ వాపు తగ్గుతుంది, వాపు తగ్గే కొద్దీ మందుకు దారి మళ్లీ ఇరుకవుతుంది. లోపల మిగిలిన సూక్ష్మజీవులను చంపవలసిన రోజుల్లోనే మందు తక్కువగా చేరుతుంది కనుక, బాగున్నాడని డోసు తగ్గించడం నా దృష్టిలో అన్నింటికంటే పెద్ద పొరపాటు. గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి అయితే, వేరే చిక్కులు లేకపోతే, 14 రోజులు చాలు. క్లెబ్సియెల్లా వంటి గ్రామ్ నెగటివ్ (గ్రామ్ పరీక్షలో ఊదా రంగు నిలుపుకోని) జాతికి కనీసం 21 రోజులు కావాలి.

మందుల దుకాణంలో పనిచేసే ఆ బిడ్డ తండ్రి, "అయితే నేరుగా మెదడు గదుల్లోకే వేయరాదా సిస్టర్?" అని అడిగారు. తెలివైన ప్రశ్నే. కానీ జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌ను అలా వేసి చూసిన పరిశోధన 1980లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అలా వేసిన పిల్లల్లో సుమారు 43 శాతం, రక్తనాళం ద్వారా మాత్రమే మందు పొందిన వారిలో సుమారు 13 శాతం చనిపోయారు. ఆ మాట చెప్పిన తరువాత ఆయన మళ్లీ అడగలేదు.

ఆరో రోజున పేరు పెట్టాలి, ఇంటికి పంపమని అవ్వ పట్టుబట్టారు. పేరు వార్డు వరండాలోనే పెట్టుకున్నారు. 21 రోజులూ ఉన్నారు. వెళ్లేటప్పుడు వినికిడి పరీక్షకు రాసిచ్చిన చీటీని ఆమె కొంగున ముడి వేసుకున్నారు. మూడు నెలలకు ఆ నలిగిన చీటీతోనే బిడ్డను ఎత్తుకుని వచ్చారు.