మైకు అడ్డం లేని ముఖం

ఫొటోగ్రఫీ: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. ఏటా సంక్రాంతికి మా పరిషత్తు తరఫున పద్యనాటకాలు వేయిస్తాం. ఈసారి 70 దాటిన మా ప్రాంతం నటులకు, హార్మోనిస్టులకు సన్మానం చేసి, వాళ్ల ఫొటోలు పెద్దవిగా వేయించి ప్రదర్శనకు పెట్టాలనుకున్నాం. మా దగ్గర ఉన్నవన్నీ స్టేజీ మీద సెల్‌ఫోన్లతో తీసినవే. ముఖానికి మైకు అడ్డం, రంగు లైట్లకి మనిషంతా నీలం. కొత్తగా ఎలా తీయించమంటారు? వేషంతోనా, మామూలు బట్టల్లోనా?
— ఒక నాటక పరిషత్తు కార్యదర్శి

జవాబు: కార్యదర్శిగారూ, హార్మోనిస్టులను కూడా లెక్కలోకి తీసుకున్నందుకు ముందు మీకు నమస్కారం. ఏ నాటక సమాజం ఆల్బమ్ తిరగేసినా హార్మోనియం పెట్టె కనిపిస్తుంది గానీ, దాని వెనక మనిషి సగం తెగిపోయి ఉంటాడు.

ఈ ఫొటోలు నాటకం నడుస్తుండగా తీయించకండి. స్టేజీ మీద ఉన్నది హరిశ్చంద్రుడు. మీకు కావలసింది ఆ హరిశ్చంద్రుణ్ణి నలభై ఏళ్లుగా మోస్తున్న మనిషి. ఆయన దొరికేది మేకప్ రూములో. మన ఊళ్లలో అది సాధారణంగా ఏ బడి గదో అయి ఉంటుంది. బెంచీ మీద అద్దం ఆనించి, తలకి గుడ్డ కట్టుకుని, ఒక కనుబొమ్మ దిద్దేసి రెండోది దిద్దబోయే ముందు ఆయన అద్దంలోకి చూసుకుంటాడు చూడండి, అక్కడ తీయాలి. కిరీటం ఇంకా పక్కనే ఉంటుంది. ముఖం సగం ఆయనది, సగం రాజుది. వేషంతోనా, మామూలుగానా అన్న మీ ప్రశ్నకు నా మొదటి జవాబు ఈ సగం వేషమే. తెల్లవారుజామున కొబ్బరినూనె రాసి రంగు తుడుచుకునేటప్పుడు కూడా గొప్ప ఫొటో వస్తుంది. కానీ అప్పటికి పెద్దవాళ్లు అలిసిపోయి ఉంటారు, ఆ అవతారంలో కనబడటం ఇష్టం లేకపోవచ్చు. అడిగి, సరేనంటేనే తీయండి.

మామూలు బట్టల్లో కూడా ఒకటి తప్పకుండా తీయించండి. దానికోసం కొత్త సిల్కు లాల్చీ కొనిపెట్టి, శాలువా కప్పి కుర్చీలో కూర్చోబెట్టొద్దు. శాలువా కప్పాక నటుడూ, సర్పంచీ, రిటైరైన హెడ్మాస్టరూ ఒకేలా కనబడతారు. పారిస్‌లో నాదార్ అనే ఫొటోగ్రాఫర్ 1864 ప్రాంతంలో సారా బెర్నార్‌ని తీశాడు. తర్వాత ప్రపంచమంతా పేరు మోగిన నటి, అప్పటికి ఇరవై ఏళ్ల పిల్ల. వెనక సాదా తెర, ఒంటికి చుట్టుకున్న ఒక గుడ్డ. చూపంతా ఆ ముఖం మీదే నిలుస్తుంది. మీకూ ఒక కిటికీ, సున్నం వేసిన ఒక గోడ చాలు. ట్యూబులైటు ఆపేయండి. కిటికీ వెలుగు ముఖానికి ఒక పక్కనుంచి పడేలా కూర్చోబెట్టండి. కెమెరా ఆయన కళ్ల ఎత్తులో ఉండాలి. సెల్‌తో తీసినా ఫర్వాలేదు, కాకపోతే మరీ దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. రెండడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్‌లో తీయమనండి.

తర్వాత మైకు లేకుండా ఒక పద్యం పాడమని అడగండి. ‘నవ్వండి సార్’ అని మాత్రం అనకండి. రాగం తీస్తున్నప్పుడు నోరు తెరిచి, మెడ నరాలు పొంగి ఉంటాయి, ఆ ఫొటో అందరి దగ్గరా ఉంది. రాగం ఆపి, ఊపిరి వదిలి, ‘వన్స్ మోర్’ కోసం చెవి ఒగ్గినట్టు ఒక్క క్షణం ఊరుకుంటారు. బటన్ నొక్కాల్సింది అప్పుడు.

ముఖమే కనబడాలన్న పట్టింపూ లేదు. 1954లో కెనడా ఫొటోగ్రాఫర్ యూసుఫ్ కార్ష్, సెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) విద్వాంసుడు పాబ్లో కజాల్స్‌ని తీయడానికి ఫ్రాన్స్‌లోని ప్రాడ్ ఊరికి వెళ్లాడు. నియంత ఫ్రాంకో ఏలుబడిని కాదని స్పెయిన్ వదిలి వచ్చిన కజాల్స్ అక్కడే ఉండేవాడు. దగ్గర్లోని పాత క్రైస్తవ మఠంలో ఆయన జర్మన్ సంగీతకర్త బాక్ సంగీతం వాయిస్తుంటే కార్ష్ వెనకనుంచి తీశాడు. ఆ ఫొటోలో ఉన్నవి ఒక వీపు, రాతి గోడ, పైన చిన్న కిటికీ, అంతే. తర్వాత అది బోస్టన్ మ్యూజియంలో పెడితే, ఒక ముసలాయన రోజూ వచ్చి దాని ముందు నిలబడేవాడట. ఎందుకని అడిగితే, మాట్లాడకు, సంగీతం వింటున్నాను అని కసిరాడని కార్ష్ స్వయంగా చెప్పాడు.

మీ హార్మోనిస్టుల కోసం ఇంకో ఫొటో చెబుతాను. 1946లో న్యూయార్క్‌లో ఆర్నాల్డ్ న్యూమన్ సంగీతకర్త స్త్రావిన్‌స్కీని తీశాడు. ఫ్రేములో చాలా భాగం పియానో తెరిచిన నల్లటి మూతే. ఆయనేమో కింద ఒక మూల, తలకి చెయ్యి ఆనించుకుని. తీయించుకున్న పత్రిక దాన్ని వేసుకోలేదు. ఇవాళ న్యూమన్ పేరు చెప్పగానే ముందు గుర్తొచ్చేది అదే. కాబట్టి మీవాళ్ల హార్మోనియాన్ని ఫ్రేములోంచి తోసేయకండి. కాలితో తొక్కే పెట్టె అయితే పాదాలతో సహా తీయండి. తెల్లవార్లూ శ్రుతికి గాలి అందించిన పాదాలు అవి, వాటిని ఎవరూ ఫొటో తీయరు!

ప్రింట్లు ఫ్లెక్సీ మీద వద్దు, మెరుపు లేని ఫొటో పేపరు మీద వేయించండి. ప్రతి ఫొటో కింద పేరు, ఊరు, కట్టిన వేషాలు, ఏ సమాజంలో ఆడారో రాయండి. అదే సంగతి ప్రింటు వెనక మెత్తటి పెన్సిల్‌తో కూడా రాసి పెట్టండి. పెన్ను గట్టిగా నొక్కితే ముందువైపు గీత తేలుతుంది. స్థానం నరసింహారావుగారి సత్యభామని గుర్తుపట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆయన పక్కన వాయించినవాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు? ఒక కాపీ ఆ ఇంటివాళ్లకి ఇవ్వడం మరవకండి.

ప్రశ్న: మా అమ్మమ్మ హరికథలు చెప్పేది. గజ్జె కట్టి, చేత్తో చిడతలు పట్టుకున్న ఫొటో ఒక్కటే మిగిలింది. అది ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. విడదీయొచ్చా?
— ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: విడదీయొద్దమ్మా. లాగితే ముఖం అద్దానికే ఉండిపోతుంది. నీళ్లలో నానబెట్టమని ఎవరైనా చెప్పినా వినకండి. అద్దం బయటివైపు మాత్రం మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, అద్దంతోనే కాపీ తీయించండి. ఫ్లాష్ వాడకూడదు. రెండు పక్కలనుంచి ఏటవాలుగా వెలుగు పడాలి. కెమెరా పట్టుకున్నవాళ్లు నల్లబట్టలు వేసుకుంటే అద్దంలో నీడ పడదు. ఆ తర్వాత మచ్చలు కంప్యూటర్లో తీయించుకోవచ్చు. కానీ ముఖాన్ని నునుపు చేసి రంగులద్దే యాప్‌లకి ఇవ్వకండి. అవి మీ అమ్మమ్మని తీసేసి ఎవరో సినిమా మనిషిని పెడతాయి. మార్చని కాపీ ఒకటి విడిగా దాచుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి కూచిపూడి తరంగం చేస్తుంటే పళ్లెం మీద నిలబడ్డ ఫొటో ఎప్పుడూ అలుక్కుపోతోంది. ఏం చేయాలి?
— ఒక తల్లి, హైదరాబాదు

జవాబు: షట్టర్ స్పీడు సెకనులో 1/500కి తగ్గకుండా పెట్టండి, వెలుతురు చాలడానికి ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టే శక్తి) పెంచండి. కాస్త నలకలు కనబడినా ఫర్వాలేదు. అన్నిటికంటే ముందు రిహార్సల్‌కి వెళ్లి జతులు వినండి. ఢిల్లీలో దశాబ్దాల తరబడి నాట్యకారుల్ని, విద్వాంసుల్ని తీసిన అవినాశ్ పస్రీచాగారి ఫొటోలు వెతికి చూడండి, తాళం తెలిసిన చెయ్యి ఎలా ఉంటుందో అర్థమవుతుంది. తీర్మానం (జతి ముగింపు) పడే చోటు మీ చెవికి తెలిస్తే వేలు అక్కడికి ముందే సిద్ధమవుతుంది. కింద కూర్చుని, పళ్లెం అంచుని పట్టుకున్న కాలివేళ్లు ఫ్రేములో పడేలా తీయండి.