క్విల్టింగ్ ఫ్రేమ్ కార్డు మీద కొనాలా?

డల్లాస్ నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న: "ఇంట్లో మామూలు కుట్టు మిషన్ ఉంది. దానికి 5 అడుగుల చిన్న క్విల్టింగ్ ఫ్రేమ్ (బొంతని బిగించి, మిషన్‌ని దాని మీద జరుపుతూ కుట్టే చట్రం), స్టిచ్ రెగ్యులేటర్ (మిషన్‌ని ఎంత వేగంగా జరిపినా కుట్లు ఒకే పొడవున పడేలా చూసేది) కలిపి 2,000 డాలర్లవుతోంది. తెలిసినవాళ్లు వాళ్ల అమ్మగారి పాత చీరలతో బొంతలు కుట్టిపెట్టమంటున్నారు. కార్డు మీద కొనేసి, వాళ్లిచ్చే డబ్బుతోనే తీర్చేయొచ్చా?"

ఇప్పుడు కొనకండి. మీ పనితనం మీద అనుమానం లేదు, లెక్కే కుదరడం లేదు.

ఫ్రేమ్ ఎంత మంచిదైనా మీ మిషన్‌కి సూది నుంచి పక్కనున్న స్తంభం దాకా ఎంత ఖాళీ ఉందో ఒక్కో వరసలో అంత మేరే కుట్టగలరు, మామూలు మిషన్లలో అది 6 నుంచి 8 అంగుళాలు, పైగా కుట్టిన భాగం రోలర్‌కి చుట్టుకుంటూ ఆ ఖాళీలోకే వస్తుంది కాబట్టి చివరికొచ్చేసరికి చేతికి దొరికేది 4 అంగుళాలు కూడా ఉండకపోవచ్చు. అంటే 60 అంగుళాల పొడవు బొంతకి పదిహేను వరసల దాకా పడతాయి, ప్రతి వరసకీ ఆపి, క్లాంపులు విప్పి, చుట్టి, మళ్లీ బిగించాలి. 5 అడుగుల రోలర్ల మీద క్వీన్ సైజు ఎలాగూ ఒకేసారి పట్టదు.

మీ వైపు పెద్ద లాంగార్మ్ మిషన్లున్నవాళ్లు (బొంతల కోసమే చేసిన, మెడ పొడవుండే మిషన్లు) మామూలు డిజైన్‌కి చదరపు అంగుళానికి 2 సెంట్ల చొప్పున తీసుకుంటారనుకుందాం. ఆ లెక్కన మీకు 45×60 అంగుళాల బొంతకి 54 డాలర్లు వస్తాయి. దారం ఖర్చు తీయకుండానే 38 బొంతలు కుడితే గానీ మీ 2,000 తిరిగి రాదు. ఈలోపు 24 శాతం కార్డు మీద నెలకి 40 డాలర్లు వడ్డీకే పోతాయి.

ఇంకో టెన్షన్ ఉంది. పాత పట్టుచీర మడతల దగ్గర, జరీ అంచు దగ్గర పట్టు పెళుసుబారి ఉంటుంది, ఫ్రేమ్ మీద బిగించి లాగితే అక్కడే చిరుగుతుంది. వెనక ఇంటర్‌ఫేసింగ్ (చీరకి బలంగా ఉండేందుకు అతికించే పల్చని బట్ట) అతికించకుండా ఎక్కించొద్దు, ఆ బట్టకీ శ్రమకీ విడిగా డబ్బు అడగండి. మొహమాటపడితే నష్టం మీకే. ఎవరి అమ్మగారి చీరో చిరిగితే ఎంతిచ్చి తీరుస్తాం చెప్పండి?

కొన్ని క్విల్ట్ షాపుల్లో ఒక క్లాసు చేస్తే లాంగార్మ్‌ని గంటల లెక్కన అద్దెకిస్తారు. ముందు మూడు నాలుగు బొంతలు అక్కడ కుట్టండి. ఆ పని మీకు నచ్చి, ఆర్డర్లు ఆగకుండా వస్తుంటే, నెలనెలా కొంత పక్కన పెట్టి, సెకండ్ హ్యాండ్‌లో మెడ పొడవున్న మిషన్ చూడండి. చిన్న ఫ్రేమ్ అప్పుడు దానికి పనికొస్తుంది.

మీ వీసా సంగతి మీరు రాయలేదు. హెచ్‌4 (డిపెండెంట్ వీసా) అయితే ఈఏడీ (పని చేసే అనుమతి కార్డు) చేతికి రాకుండా ఎవరి దగ్గరా డబ్బు తీసుకోవద్దు, స్నేహితులైనా సరే. పని చేసే అనుమతి ఉంటే మొదటి బొంత నుంచే జమాఖర్చులు రాసి పెట్టుకోండి, ఖర్చులు పోను ఏడాదికి 400 డాలర్లు మిగిలినా 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ (సొంత పని సంపాదన మీద పడే పన్ను) లెక్కలోకి వస్తుంది.